పెద్ద టీచరమ్మ పోస్టు ఓటు

మా పెద్ద టీచరమ్మ పలమనేరులో పోయారని మొన్న తిరుపతి బస్టాండులో పాత సహోద్యోగిని చెప్పింది. కళ్లు చెమర్చేలోపే ఆమె పరుగు గుర్తొచ్చింది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి ఆస్పత్రి ఆవరణలో పరుగెత్తిన హెడ్మిస్ట్రెస్!

ప్రతి ఎన్నికకూ ఆమెకు డ్యూటీ పడేది. ఊరందరి వేళ్లకూ సిరా పూయించి, తాను మాత్రం ఓటు వేయకుండానే తిరిగొచ్చేవారు. ఒక ఏడాది ఎన్నికల శిక్షణ తరగతిలో, డ్యూటీలో ఉన్నవాళ్లు దరఖాస్తు చేసుకుంటే పోస్టులో ఓటు పంపవచ్చని అధికారి చెప్పగానే లేచి నిలబడ్డారు.

"యాడ ఇయ్యాల సార్? ఇప్పుడే రాసిస్తా."

"ఒక్క ఓటుకు ఇంత తిప్పలెందుకమ్మా?" అని వెనకనుంచి ఎవరో నవ్వారు.

"నాకుండేది ఒక్కటే గదప్పా!"

డ్యూటీ ఉత్తర్వూ, జాబితాలో పేరూ సరిచూసుకున్నాక అధికారులు ఆమెకు బ్యాలెట్టు పంపారు. కవరు చేతికొచ్చిన రోజు ఆమె మాటిమాటికీ నవ్వుతూనే ఉన్నారు. బడిలో తన గదిలోంచి మమ్మల్నందరినీ బయటికి పంపి, తలుపేసుకుని గుర్తు పెట్టి, చిన్న కవరులో పెట్టి అంటించారు. ఇక, ఓటు తనదేనని చెప్పే కాగితం మీద గెజిటెడ్ అధికారి సంతకం కావాలి. ఆ కాగితం నాకిచ్చి ఆస్పత్రి డాక్టరు దగ్గరికి పంపారు.

"ఆయమ్మే వచ్చి నా ముందర సంతకం పెట్టాల. నేను క్యాంపుకు పోతా ఉండా, తొందరగా రమ్మను" అన్నాడాయన.

నేను కబురు తెచ్చీ తేగానే ఆమె పరుగందుకున్నారు. వెనకే కవర్లు పట్టుకుని నేను. అప్పటికే జీపు కదిలింది. ఆమె దానికి అడ్డంగా నిలబడ్డారు! బానెట్ మీదే కాగితం పరిచి సంతకం చేసి, "సూడండి సార్, నేనే!" అన్నారు రొప్పుతూ. డాక్టరు పకపకా నవ్వి, సంతకం చేసి సీలు కొట్టాడు. ఆ కాగితమూ, చిన్న కవరూ పెద్ద కవరులో పెట్టి, అట్నుంచి అటే పోస్టాఫీసుకు వెళ్లాం.

చిత్తూరులో లెక్కింపు రోజు నాకు పోస్టు ఓట్ల బల్ల దగ్గరే పని పడింది. సంతకం లేనివాటినీ, నంబరు కలవనివాటినీ లోపలి కవరు విప్పకుండానే పక్కన పడేస్తున్నారు. ఆమె కాగితం వంతు వచ్చింది. అధికారి నంబరు చూశాడు, సంతకం చూశాడు, సీలు దగ్గర ఆగాడు.

"సరిగ్గా ఉండాది" అన్నాడు. చిన్న కవరు మిగతా వాటిలో కలిసిపోయింది.

మర్నాడు ఆమె బడి గేటు దగ్గరే కాచుకుని ఉన్నారు.

"చెల్లిందామ్మే?"

"చెల్లిందమ్మా!"

ఎవరు గెలిచారని కూడా అడగలేదు. గబగబా వెళ్లి, వేళ కాకున్నా బడిగంట కొట్టేశారు. పిల్లలు కేకలేస్తూ మైదానంలోకి పరుగెత్తారు. గంట ఆపాలన్న ధ్యాసే లేక, ఆమె నవ్వుతూ కొడుతూనే ఉన్నారు.