గాలికోళ్ల కాక

పోయిన నెలలో ఒక పొద్దున బట్టలు ఆరేద్దామని దండెం దగ్గరికి వెళ్లి, అలవాటుగా పక్కింటి కప్పు మీది రేకు కోడి ఎటు చూస్తోందోనని తలెత్తాను. గాలి లేదు. కోడి కదలకుండా ఉంది. అంతలో గోడ అవతల నుంచి కాక భార్య, చిన్నమ్మ గొంతు వినిపించింది. "బిడ్డా, మీ కాక లేస్తలేడు. ఎంత పిలిచినా పలుకుతలేడు." బకెట్ అక్కడే వదిలి పరుగెత్తాను. కాక చెయ్యి అప్పటికే చల్లబడిపోయింది.

కాక మాకు రక్తసంబంధం కాదు. బొగ్గుబావిలో మా నాన్నతో కలిసి పనిచేసినవాడు. బావి లోపల గాలి ఎటు పోతోందో, ఎక్కడ ఆగిందో చూడటం ఆయన డ్యూటీ. నాన్న ఆ బావిలోనే, నాకు ఎనిమిదేళ్లప్పుడు పోయాడు. ఆ తర్వాత మా రేకులు కారితే కప్పెక్కిందీ, అమ్మకు జ్వరం వస్తే దవాఖానకు తీసుకెళ్లిందీ, కాలేజీ రోజుల్లో నేను బస్సెక్కేదాకా స్టాపులో నిలబడిందీ కాకే. ఇంత చేసి కూడా మా గడప మాత్రం ఏనాడూ దాటలేదు. చాయ్ ఇచ్చినా అరుగు మీదే తాగేవాడు.

గోదావరిఖని రానివాళ్లకు ఆ కోడి సంగతి చెప్పాలి. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయ్యాక గాలి ఇటు మళ్లిందంటే మా వాడ మీద నల్లటి దుమ్ము పడుతుంది. కోడి ముక్కు గని వైపు తిరిగితే గాలి అటునుంచి వస్తున్నట్టు లెక్క. ఆరేసిన బట్టలూ మిరపకాయలూ గబగబా లోపలికి చేరేవి. అది కాక చేసిన కోడి కాదు. పాత బంగ్లా ఒకటి కూలగొట్టినప్పుడు తుక్కులో దొరికింది. ఎవరి తాతల కాలానిదో తెలియదు. ఎందరి చేతుల్లోనో అతుకులు పడి, తోక ఒక రేకు, రెక్క ఒక రేకుగా ఉండేది. కాక దాన్ని సైకిల్ మీద తెచ్చి, నూనె పోసి, కప్పెక్కించాడు. రిటైరయ్యాక దాన్ని చూసే మిగతావి చేయడం నేర్చుకున్నాడు. నూనె డ్రమ్ములు కత్తిరించి ఎద్దు, చేప, పంది, నెమలి. వాడలో సగం ఇళ్ల మీద ఆయన జంతువులే.

వాటికి నోరు ఉండేది కాదు. కన్ను మాత్రం మేకుతో పొడిచిన చిల్లు. ఎండ పడితే ఆ చిల్లులోంచి ఒక వెలుగు చుక్క ఎదురింటి గోడ మీద వాలేది. గాలి మారినప్పుడు కిర్రుమంటూ జంతువులన్నీ ఒక్కసారే తల తిప్పేవి, గోడల మీద చుక్కలన్నీ కదిలేవి. చిన్నప్పుడు కోడి కంటి చుక్క నా మీద పడితే ఊపిరి బిగబట్టేదాన్ని. నిజం చెప్పాలంటే టీచర్నయ్యాక కూడా బిగబట్టాను.

మా ఇంటి మీద పెట్టింది కుక్క. నాన్న షిఫ్టు దిగే వేళకు బావి గేటు దగ్గర కూర్చుని, ఆయన్ను ఇంటికి తోలుకొచ్చే కుక్క ఒకటి మాకుండేది. అచ్చం దాని రూపే, సగం తెగిన ఎడమ చెవితో సహా.

ఒకసారి హైదరాబాద్ నుంచి ఒకాయన కెమెరాతో వచ్చి ఇది జానపద కళ అన్నాడు, పాత కోడిని అద్దాల పెట్టెలో పెడతాం, ఇమ్మన్నాడు. కాక నవ్వలేదు. "అది డ్యూటీ మీదున్నది సార్. పెట్టెల పెడితే గాలి ఎట్ల జూస్తది?" అన్నాడు.

ఆయనకో విచిత్రమైన అలవాటుండేది. ఇంటి ముందు తలుపు మూస్తే గానీ వెనక తలుపు తెరవడు, ఎవరినీ తెరవనివ్వడు. పెళ్లి ఇళ్లలో కూడా లేచి వెళ్లి ఒక తలుపు మూసి వచ్చేవాడు. అందరం ఆటపట్టించేవాళ్లం. "నువ్వు నిలబడ్డ కాడ గాలి జూస్తే సాలదు బిడ్డా, అవతలోడు నిలబడ్డ కాడ జూడాలె" అనేవాడు. ఏదో ముసలాయన చాదస్తం అనుకునేదాన్ని.

రాష్ట్రం కోసం సమ్మె జరుగుతున్న రోజుల్లో ఆ చాదస్తం అర్థమైంది. గనులన్నీ ఆగిపోయాయి. సైరన్ లేదు, బ్లాస్టింగ్ లేదు. ఆ నిశ్శబ్దంలో ఎండవేళ రేకుల కిర్రు ఒక్కటే వినిపించేది. కాక మా అరుగు మీద కూర్చుని, తల వంచుకుని చెప్పాడు.

"బాయిల గాలి తలుపులు రెండుంటయి. ఒకటి పెట్టినంకనే ఇంకోటి తియ్యాలె. రెండూ తెరిస్తే గాలి అక్కడికక్కడే మళ్లుతది, లోపటికి పోదు. ఆ రోజు పొడుగు దుంగలు మోస్తున్నం. తలుపులు అడ్డం తలుగుతున్నయని రెండూ తెరిచి రాళ్లు పెట్టిన. ఆ రాళ్లు తియ్యుడు మర్శిన. మీ నాయన వచ్చి గాలెట్లున్నదిరా అన్నడు. నా మొకానికి మస్తుగ కొడుతుండె. 'గాలి మంచిగున్నది అన్నా, పో' అని చెప్పిన. పోయిండు. లోపట గాలే లేదు."

మళ్లీ ఆయనే అన్నాడు. "తిట్టు బిడ్డా. ఏదన్న ఒక మాట అను."

నేను లేచి లోపలికి పోయి తలుపు మూసుకున్నాను. తర్వాత కూడా పలకరింపులు నడిచాయి. కాక మా కుక్కకు ఎప్పటిలాగే నూనె పోసేవాడు. పోసి, కాసేపు అరుగు దగ్గర నిలబడి వెళ్లేవాడు. ఆయన దేనికోసం ఆగుతున్నాడో నాకు తెలుసు. ఆయన మీద కోపం వచ్చేది, ఆయన్ను ద్వేషించలేనందుకు నా మీద ఇంకా కోపం వచ్చేది. ఆ ఒక్క మాట మాత్రం ఇవ్వలేకపోయాను.

కాక పోయిన రోజు, ఆయన్ను బయటికి తేవడానికి ముందు తలుపు తెరిచారు. అది చూడక, ఎవరో నీళ్ల కోసం వెనక తలుపు కూడా తెరిచారు. చిన్నమ్మ ఉలిక్కిపడి, "ఒకటి పెట్టుండ్రి! రెండూ తెరువద్దు!" అని అరిచింది. ఎవరూ కదల్లేదు. ఆకు ఊగని ఆ పొద్దున, ఇంటి మధ్య నుంచి చల్లటి గాలి సాగింది. బావి లోపలి తడి వాసన. వాడ పొడుగునా రేకులు కిర్రుమన్నాయి. గుమ్మంలోంచి చూశాను. ఎద్దు, చేప, పంది, నెమలి, దేనికదిగా ఎటో చూస్తున్నవన్నీ కాక ఇంటి వైపు తిరిగాయి. మా కుక్క అన్నిటికన్నా చివర తిరిగింది. దాని కంటి చుక్క గుమ్మందాకా తెచ్చిన కాక ముఖం మీద పడింది.

నేను వంగి ఆయన చెవి దగ్గర చెప్పాను. "గాలి మంచిగున్నది కాకా, పో."

పాడె వాడ చివర మలుపు తిరిగేదాకా కుక్క అటే చూసింది. తర్వాత కిర్రుమని మా గుమ్మం వైపు తిరిగింది, వెనక ఎవరినో ఇంటికి తోలుకొస్తున్నట్టు. నేను మా ఇంట్లోకి వెళ్లి వెనక తలుపు మూశాను. ముందు తలుపు తెరిచే ఉంచాను.