నవ్వు మొహం మేనేజరు

ఆసుపత్రి బట్టలు ఉతికే ఆ లాండ్రీకి మేనేజరుగా ఉన్న ఆవిడకు పొద్దున్నుంచీ దవడలు నొప్పెడుతున్నాయి, నవ్వీ నవ్వీ. నిజానికి నవ్వేందుకు అక్కడ ఏమీ లేదు. బాయిలరు చెడిపోయి కూర్చుంది. దాని వేడినీళ్లు లేనిదే ఉతికే మిషన్లు కదలవు. మర్నాడు పొద్దున ఆపరేషన్లకు కావలసిన దుప్పట్లూ గౌన్లూ గుట్టలుగా పడి ఉన్నాయి. అవి అందకపోతే ఆపరేషన్లు వాయిదా పడతాయి. ఆ వరసలో కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న పసివాడు కూడా ఉన్నాడని నర్సు ఫోనులో చెప్పింది.

మరి ఈ నవ్వెందుకంటే, పోయిన నెల పెద్దాఫీసువాళ్లు మేనేజర్లందరినీ ఏసీ గదిలో కూర్చోబెట్టి మనోనిబ్బరం మీద క్లాసు పీకారు. కష్టకాలంలో మేనేజరు మొహంలో కంగారు కనబడకూడదట. చెప్పినాయన జన్మలో ఒక్క దుప్పటి పిండి ఎరగడు. అయినా ఈవిడ బుద్ధిగా నేర్చుకొచ్చింది.

అందుకే మెకానిక్కు వచ్చి, "మేడమ్, ఆ పైపు ఎక్కడా దొరకటం లేదు" అంటే నవ్వి, "నేను చూసుకుంటాను" అంది. డ్రైవరు వచ్చి బండి ఎప్పుడు తీయమంటారని అడిగితే అదే నవ్వు, అదే మాట. ఇంటి నుంచి మొగుడు ఫోను చేసి, "గ్యాసు అయిపోయింది, ఏం చెయ్యమంటావు?" అన్నాడు. గ్యాసు అయిపోతే ఏం చేస్తారో ఆ మహానుభావుడికి తెలియదు పాపం. అదీ తనే చూసుకుంటానంది. లోపల మాత్రం తల ప్రాణం తోకకొస్తోంది.

మధ్యాహ్నం తిరిగాక షెడ్డులోకి తొంగి చూసింది. ఉతికేవాళ్లంతా నిమ్మకు నీరెత్తినట్టు కబుర్లాడుకుంటున్నారు. ఇస్త్రీ చేసే పెద్దమ్మయితే దుప్పట్ల మూటకు ఆనుకుని కునుకు తీస్తోంది. మేనేజరుకు ఒళ్లు మండిపోయింది.

"కొంప మునుగుతుంటే నిద్రేంటి పెద్దమ్మా?"

పెద్దమ్మ తాపీగా కళ్లు తెరిచింది. "మునగటమేంటి తల్లీ? నువ్వు పొద్దున్నించీ నవ్వుతూనే తిరుగుతున్నావు గదా. సాయంత్రానికి బాయిలరు బాగవుతుంది గామోసు, అప్పుడు మొదలెడదాంలే అని కూచున్నాం."

ఆవిడ పళ్లు బిగబట్టి మోసిన నిబ్బరం, పనివాళ్లకు ధైర్యమివ్వటం అటుంచి, దర్జాగా సెలవిచ్చేసిందన్నమాట. క్లాసు చెప్పినాయన ఎదురుగా ఉంటే సబ్బునీళ్ల తొట్టిలో ముంచి తీసేదే. అక్కడే మూట మీద కూలబడింది.

"బాయిలరు ఇవాళ బాగవదు పెద్దమ్మా. నాకేం తోచటం లేదు. భయంగా ఉంది."

కబుర్లాడుతున్నవాళ్లంతా ఇటు తిరిగారు.

"ఆ ముక్క పొద్దున్నే ఏడవొచ్చుగా" అని పెద్దమ్మ విసుక్కుంటూ లేచింది. "అనవసరంగా ఒక పూట పోయింది. ఒరేయ్, ఆసుపత్రి వంటింట్లో ఇంతింత గంగాళాలున్నాయి, నీళ్లు అక్కడ కాచండి. డ్రైవరూ, నువ్వు బండిలో మొయ్యి. మిగతావాళ్లు తొట్లు కడగండి."

కాసేపట్లో షెడ్డంతా వేడినీళ్ల ఆవిరి కమ్మింది. మేనేజరు అలవాటు కొద్దీ ఫోను తీసుకుని గుమ్మం వైపు నడవబోయింది. పెద్దమ్మ ఆపి, తొట్టిలోంచి తీసిన దుప్పటి కొస ఒకటి ఆవిడ చేతిలో పెట్టింది.

"అటు మెలిపెట్టు. గట్టిగా."

పొద్దున్నుంచీ అందరూ వచ్చి ఆవిడ నెత్తిన ఏదో ఒకటి పెట్టి పోయినవాళ్లే. రెండో కొస పట్టుకున్న మనిషి పెద్దమ్మొక్కతే. ఆవిడ గట్టిగా మెలిపెట్టింది. నీళ్లు బొటబొటా కారాయి. ఆవిడ కళ్లు కూడా కారాయి. పెద్దమ్మ చూసింది, ఇంకో దుప్పటి అందుకుంది.