హాజరు పుస్తకం

మునిసిపల్ బంట్రోతు ఎలీయాజరు పదేళ్లుగా కౌన్సిలరు జగ్గారావు సీటు కాపాడుతూ వచ్చాడు. ఆయన కొల్లేటికి బాతుల వేటకు పోయినప్పుడల్లా, మీటింగు అయ్యాక హాజరు పుస్తకం ఇంటికి పట్టుకెళ్లి సంతకం పెట్టించుకొచ్చేవాడు. వరసగా మూడు నెలలు హాజరు లేకపోతే సీటు పోతుంది మరి.

ఆ వేసవిలో ఎలీయాజరు ఉండే పేటకు కొళాయి వేసే తీర్మానాన్ని, "వాళ్లకి కాలవ చాలదేంటండీ?" అని నవ్వుతూ జగ్గారావే కొట్టేయించాడు. కాలవ నీళ్లకు కలరా తగిలి ఎలీయాజరు కూతురు సువార్తమ్మ పోయింది.

చలికాలం వేట మొదలైంది. ఎలీయాజరు మూడు నెలలూ పుస్తకం కదపలేదు. సంతకాలన్నీ ఒకేసారి పెట్టొచ్చులే అనుకున్నాడు జగ్గారావు.

నాలుగో మీటింగుకు వచ్చిన ఆయనకు ఎలీయాజరు గుమ్మంలోనే అడ్డం నిలిచాడు.

"తమరి సీటు పోయిందని సెక్రటరీగారు ఇప్పుడే చదివారండీ."

జగ్గారావుకు నోరెండిపోయింది. "కాసిని మంచినీళ్లు తేరా."

"కాలవ ఉంది కదండీ," అన్నాడు ఎలీయాజరు.