స్టీలు ట్యాంకులో నేను కనపడని రోజు

సంగారెడ్డి పాత బస్టాండు దగ్గర నాకొక చిన్న ఫొటో స్టూడియో ఉంది. పదకొండేళ్లుగా పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీస్తున్నాను. అందరి చేతుల్లోకీ మంచి ఫోన్లు వచ్చాక పాస్‌పోర్టు సైజు ఒక్కటే మిగిలింది. ఇలాగే కూర్చుంటే షట్టర్ దించుకోవాల్సిందేనని, పటాన్‌చెరు ఫ్యాక్టరీల క్యాటలాగుల పని మీద కన్నేశాను. మొదటి అవకాశం ఒక స్టీలు ట్యాంకుల యూనిట్లో దొరికింది. మందుల కంపెనీలకు ట్యాంకులు చేసి పంపుతారు. యజమాని మా ఊరి వ్యాపారస్తుల ఇంటివాడే, అందరూ సేటు అంటారు. గౌరవంగా ఉండాలని ఎర్ర పట్టుచీర కట్టుకుని మరీ వెళ్లాను. అక్కడే కొంప మునిగింది. ఆ స్టీలు అద్దంలా మెరుస్తుంది. ప్రతి ఫొటోలో ట్యాంకు పొట్ట మీద ఎర్రచీరలో నేను, బొద్దుగా, కెమెరా పట్టుకుని! సేటు చూసి, "ఈ ఫొటో ట్యాంకుదా, నీదా తల్లీ?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. "గురువారం ఇంకోసారి రా. గప్పుడు గూడ గిట్లనే వస్తే హైదరాబాదోళ్లను పిలిపిస్త," అని గడువు పెట్టాడు.

ఆ గురువారం ప్రయాణమే ఇది. ఈసారి తల నుంచి కాలిదాకా నల్లబట్టలే. ఉదయం ఏడున్నరకు సంగారెడ్డిలో బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులుండవు కాబట్టి నాకు దారిఖర్చు సున్నా. సామాను మాత్రం చాలానే ఉంది. కెమెరా బ్యాగు, రెండు గొడుగు లైట్లు, వాటి స్టాండ్లు, స్టూడియోలో కస్టమర్ల వెనక వేలాడే తెల్లగుడ్డ చుట్ట. కండక్టర్ అవన్నీ చూసి, "ఏందక్కా, పెండ్లికా?" అన్నాడు. "పెండ్లే అన్నా. పెండ్లికొడుకు స్టీలోడు," అన్నాను. ఇస్నాపూర్ దగ్గర షిఫ్టు బస్సులు, లారీలు అడ్డం తిరిగి ఇరవై నిమిషాలు కదల్లేదు. పటాన్‌చెరులో దిగేసరికి ఎనిమిదీ నలభై.

అక్కడి నుంచి పారిశ్రామికవాడలోకి ఆటో. నూట యాభై అడిగాడు, వందకు ఒప్పించాను. "లోపల రోడ్డంతా గుంతలే మేడం. సామాను ఒళ్లె వెట్టుకోండ్రి, ఇగ నేనేం జేయలేను," అని ముందే చెప్పాడు. మాట మీద నిలబడ్డాడు, ఒక్క గుంతా వదల్లేదు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను నా సెల్‌ఫోన్ కెమెరా మీద జాగ్రత్తగా స్టిక్కర్ అంటించాడు. మెడలో వేలాడుతున్న పెద్ద కెమెరా వంక చూడనైనా లేదు. తలకు హెల్మెట్ పెట్టి లోపలికి పంపాడు.

తొమ్మిదిన్నరకు మొదలుపెట్టాను. నడుము ఎత్తు ట్యాంకు, వెనకాల తెల్లగుడ్డ, చెరోవైపు గొడుగు లైటు. పెళ్లికూతురికైతే ఈ ఏర్పాటు బ్రహ్మాండంగా ఉంటుంది. ఇక్కడ నల్లబట్టల పుణ్యమా అని నేను మాయమయ్యాను, కానీ ట్యాంకు మీద రెండు గొడుగులు ఊచలతో సహా ప్రత్యక్షమయ్యాయి. అటు జరిపాను, ఇటు జరిపాను, ఎత్తాను, దించాను. పన్నెండున్నర దాకా తీసిన నూట ముప్పై ఫొటోల్లో ఒక్కటీ పనికిరాలేదు. సేటు నాలుగింటికి వస్తానన్నాడు. క్యాంటీన్లో అరవై రూపాయల భోజనం, పప్పూ పచ్చిపులుసూ బాగానే ఉన్నాయట. నాకైతే రుచే తెలియలేదు.

తిరిగొచ్చేసరికి షెడ్డులో ఒకాయన వేరే ట్యాంకు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పొడవాటి వైరుకు కట్టిన ట్యూబులైటును స్టీలు ముందు మెల్లగా జరుపుతూ, ఒక కన్ను మూసి చూస్తున్నాడు. పేరు యాదయ్య. గుమ్మడిదల మనిషి, ఊళ్లో రెండెకరాలు, ఇక్కడ పాలిష్ పని.

"ఏం జూస్తున్నవన్నా?" అన్నాను.

"ట్యూబులైటు గీత సక్కగ వడ్తుందా లేదా, గంతే. ఎక్కడన్న వంకర వోతే మల్ల రుద్దాలె." నా ట్యాంకు వైపు తల తిప్పాడు. "పొద్దుగాల్నుంచి సూస్తున్న చెల్లె, ఊకె పరేషాన్ అయితున్నవ్. స్టీలుకు సొంత రంగుండదు. ముంగట ఏం వెడ్తే గదే సూపెడ్తది. నువ్వు గొడుగు వెట్టినవ్, గొడుగు సూపెట్టింది. తప్పు దానిదా?"

నా బుర్రలో దీపం వెలిగింది. పదకొండేళ్లుగా నేను మనుషుల మీద వెలుగు వేస్తూ వచ్చాను. స్టీలుకు అలా కుదరదు. అది చూస్తున్న దాని మీద వెలుగు వేయాలి. తెల్లగుడ్డ ఉండాల్సింది ట్యాంకు వెనక కాదు, ముందు! గుడ్డ విప్పి, ట్యాంకు ముందు నుంచి రెండు పక్కలకూ వంపుగా చుట్టి, స్టాండ్లకు కట్టేశాం. గుడ్డ బయట యాదయ్య ట్యూబులైటు నిలబెట్టాడు. గుడ్డ అంచు తప్పించి తొంగి చూస్తే, తెల్లగా, నునుపుగా, మధ్యలో ఒక్క వెలుగు గీతతో స్టీలు మొదటిసారి స్టీలులా కనిపించింది. కానీ నేనేమో గుడ్డకు ఇవతల ఉన్నాను! ఫొటో తీయాలంటే లెన్సు పట్టేంత చిల్లు కోయాలి.

చేతులు రాలేదు. సంగారెడ్డిలో పదోతరగతి పిల్లల నుంచి పింఛను అవ్వల దాకా ఆ గుడ్డ ముందు కూర్చున్నవాళ్లే. నా స్టూడియోకు ఉన్నది అదొక్కటే. కోసి, ఇదీ కుదరకపోతే రేపు పాస్‌పోర్టు ఫొటోలకు కూడా దిక్కుండదు. యాదయ్య బ్లేడు అందించి, "కోస్తవా, కొయ్యవా? నా లంచ్ టైం అయిపోతుంది," అన్నాడు.

కోసేశాను.

లెన్సు దూర్చి చూస్తే ట్యాంకు మీద చిన్న నల్లచుక్క, అది నా లెన్సు నీడ. గుడ్డతో సహా కెమెరాను జానెడు ఎడమకు జరిపేసరికి ఆ చుక్క పోయి ప్రెషర్ మీటరు నల్లటి డయల్లో కలిసిపోయింది. క్లిక్. కెమెరా వెనక తెర మీద ఫొటో చూసి నేను పెట్టిన కేకకు షెడ్డులో గ్రైండింగ్ మిషన్లు ఆగాయి. మూడున్నరకల్లా సేటు ఆ రోజుకు చెప్పిన ఆరు ట్యాంకులూ అయిపోయాయి.

సేటు వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఫొటోను పెద్దది చేసి మూలమూలా వెతికాడు. "ఏది, నువ్వెక్కడున్నవ్?" అన్నాడు.

"లేను సేటూ."

ఇంకోసారి వెతికాడు. నవ్వాడు. "ఇంకో నలభై ట్యాంకులున్నయి. ఎప్పటిసంది వస్తవు?"

ఆ మాటకు నాకు ఎగిరి గంతేయాలనిపించింది. సేటు ముందు తమాయించుకుని, షెడ్డులోకి వచ్చి నిజంగానే గంతేశాను. యాదయ్యకు ఒక ఫొటో తీసిస్తానంటే వద్దన్నాడు. "నా మొఖమెందుకు చెల్లె? గా గీత తియ్యి. పద్నాలుగేండ్ల సంది రుద్దుతున్న, లారీ ఎక్కినంక ఒక్కటి మల్ల కండ్లవడలే. ఇంట్ల నా బిడ్డకు సూపెడ్త." స్టీలు మీద నిటారుగా నిలిచిన ఆ వెలుగు గీతను తీసి, మరుసటి వారం ఫ్రేము కట్టించి ఇచ్చాను. నేను తీసిన ఫొటోల్లో ఇంతవరకూ దానికి సాటి లేదు.

సాయంత్రం బస్సులో సీటు దొరకలేదు, సంగారెడ్డికి ముందొచ్చే కంది ఊరి దాకా నిలబడే వచ్చాను. అయినా కాళ్లనొప్పి తెలియలేదు. మంచి లెన్సు కొంటే మంచి ఫొటోలు వస్తాయని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ రోజు నా దగ్గరున్నది పాత లెన్సే. వస్తువును ఎలా చూడాలో, రోజూ దాన్ని చేత్తో తాకే మనిషికి నాకంటే బాగా తెలుసు. పొద్దున్నే ఆయన్ని అడిగి ఉంటే నూట ముప్పై ఫొటోలు వృథా అయ్యేవి కావు. ఇప్పుడు ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా కెమెరా తీయకముందే పనివాళ్ల పక్కన కాసేపు కూర్చుంటున్నాను.

ఈ దారిన ఇలాంటి పనికి వెళ్లేవారికి ఒక్క చిట్కా. రెండు తెల్లగుడ్డలు పట్టుకెళ్లండి, ఒకటి కోయడానికి. నేను ఒక్కటే పట్టుకెళ్లాను కాబట్టి మా స్టూడియోలో ఇప్పటికీ ఆ చిల్లుగుడ్డే వేలాడుతోంది. ఆ చిల్లు కూర్చున్నవాళ్ల తలకు సరిగ్గా వెనక వస్తుంది, ఏ ఫొటోలోనూ పడదు. కొత్తది కొనే స్తోమత ఇప్పుడు ఉంది. కొనను.