లింబాద్రి కాక అరువు జబ్బు

మా గదిలో డాక్టరు లింబాద్రి కాక. చదివింది మూడో తరగతి, చేసేది ఏసీల మరమ్మతు, అయినా డాక్టరే. అతని పెట్టెలో బామ్ సీసా, శొంఠి, వాము, ఎండుమిరపకాయలు, ఇంకా ఏమిటని అడిగితే కోపం వచ్చే ఒక నల్లపొడి ఉంటాయి. ఎవరికి ఏం వచ్చినా ముందు శొంఠి. తగ్గకపోతే వాము. అదీ పనిచేయకపోతే "నీకు రోగం లేదు, లేచి డ్యూటీకి పో" అంటాడు. గల్ఫ్‌కొచ్చిన పద్దెనిమిదేళ్లలో ఆయన వైద్యం వల్ల ఎవడూ చావలేదు. బాగుపడ్డవాణ్ణి కూడా నేను చూడలేదు.

సౌదీలోని అల్ ఖోబర్‌లో, అల్ అజీజియా దాటాక ఉంటుంది మా కంపెనీ క్యాంపు. పొద్దున్నే బస్సెక్కి ధహ్రాన్ పోయి, ఇంజనీర్ల ఇళ్లలో ఏసీలు బాగుచేసి వస్తాం. నేను స్టోర్ కీపర్ భోజన్నని. డిగ్రీ రెండుసార్లు తప్పాను కాబట్టి గదిలో చదువుకున్నవాణ్ణి నేనే అనుకునేవాణ్ణి. అది లక్ష్మణ్ వచ్చేదాకా.

లక్ష్మణ్‌ది జగిత్యాల వైపు. ఇరవై మూడేళ్లు, డిప్లొమా చదివాడు. ఇంగ్లీషు టకటకా మాట్లాడతాడు. మా క్యాంపులో ఎవడు ఆస్పత్రికి పోయినా భాష తెలిసినవాణ్ణి వెంటబెట్టుకుని పోవడం రివాజు. వాడు వచ్చిన నెలలోనే ఆ పని నా చేతిలోంచి పోయింది. మా గదిలోనే ఉండే పీరయ్య పంటినొప్పి గురించి వాడు డాక్టరుకు చెబుతుంటే, అర్థం కాకపోయినా పీరయ్యకు తన మీద తనకే జాలేసి ఏడుపొచ్చిందట. నాకు కడుపు మండింది, ఎందుకు దాచాలి?

అయితే పోరడి తీరే ఒకలా ఉండేది కాదు. ఒక వారం నిద్రే పోడు. వంట వంతు పీరయ్యదైనా వాడే వండుతాడు, మా చొక్కాలన్నీ ఉతుకుతాడు, అందరి గొంతులూ అనుకరించి నవ్విస్తాడు. ఆ తర్వాతి వారం గోడవైపు తిరిగి పడుకుంటే పిలిచినా పలకడు. డ్యూటీకి వస్తాడు, పానా చేతిలో పట్టుకుని దానివంకే చూస్తూ నిలబడతాడు. ఎందుకురా అంటే "ఏమో అన్నా, నాకే తెల్వది" అనేవాడు.

గదిలో తలా ఒక తీర్పు ఇచ్చాం. ఎవరో పిల్ల కాదన్నదని పీరయ్య. వేడి చేసిందని లింబాద్రి కాక. నా తీర్పు అన్నిటికంటే చెత్తది. ఇక్కడ ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఇంటికి పోవడాన్ని ఖరూజ్ అంటాం. ఒప్పందం ముగియకుండానే ఖరూజ్ కావాలనుకునేవాళ్లలో కొందరు పిచ్చివేషం కడతారు. మా దగ్గరే ఒకడు హెల్మెట్‌లో అన్నం కలుపుకుని తిని నెలలో ఇల్లు చేరాడు. అందుకే ఒకరోజు అందరి ముందూ అనేశాను.

"లచ్చన్నా, గీ నాటకాలు బందువెట్టు. ఖరూజ్ గావాల్నంటే సక్కగ పోయి అడుగు."

వాడు నాకేసి ఒకసారి చూసి దుప్పటి మీదికి లాక్కున్నాడు. డాక్టరు దగ్గరికి పోదామని పీరయ్య అంటే మాత్రం దుప్పటిలోంచే "నా కాయితాల పిచ్చోడని రాస్తే? నేను రాను" అన్నాడు.

ఇక లింబాద్రి కాక రంగంలోకి దిగాడు. ఒక శుక్రవారం పొద్దున, ఇది శొంఠికి లొంగేది కాదు, దిష్టి అని తేల్చాడు. గుప్పెడు ఎండుమిరపకాయలు, ఉప్పు పట్టుకుని వాడి మంచం చుట్టూ మూడుసార్లు తిప్పి, తీసుకెళ్లి మంట మీది పెనంలో పడేశాడు. దిష్టి ఉంటే ఘాటు రాదని ఆయన శాస్త్రం. ఘాటు రాలేదా అంటే, వచ్చింది. నా సామిరంగా, ఎట్లా వచ్చిందంటే పైకప్పుకు బిగించిన పొగ అలారం కేర్‌మంది, దానికి జవాబుగా మిగిలిన బ్లాకులన్నీ కేర్‌మన్నాయి. మూడువందల మంది లుంగీలతో, తువ్వాళ్లతో, ఒకాయన కళ్లలో సబ్బుతో, ఎండలోకి ఉరికారు. క్యాంపు బాస్ విజిల్ ఊదుతూ తలకాయలు లెక్కపెట్టాడు. లింబాద్రి కాక పెనం చేతపట్టుకునే బయటికొచ్చి, ఏమీ ఎరగనట్టు "ఏమైందే, ఏమైందే?" అని అందర్నీ అడుగుతున్నాడు. నవ్వలేక చచ్చాను.

లెక్కలో ఒకడు తగ్గాడు.

నేను, కాక లోపలికి పరుగెత్తాం. లక్ష్మణ్ మంచం మీదే ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి.

"అలారం ఇనవడలేదార?" అని అరిచాడు కాక.

"ఇన్న కాకా."

"మరి లేవవు? నిజంగనే అంటుకుంటే?"

"అంటుకుంటే అంటుకోని తియ్" అన్నాడు, పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా.

నాటకమాడేవాడు చూసేవాళ్లుంటే ఆడతాడు. గది ఖాళీ చేసి అందరం పోయినా వాడు కదల్లేదు. నాటకమన్న నా మాట తప్పని అప్పుడు తెలిసింది.

రెండు రోజులు కాక శొంఠి ఊసెత్తలేదు, లక్ష్మణ్ మంచం పక్కనుంచి కదల్లేదు. మూడోరోజు పొద్దున్నే తలకు తువ్వాలు బిగించి మొదలుపెట్టాడు. "వామ్మో, నా తల! పాణం పోతున్నది! నన్ను దవాఖానకు తీస్కపోండ్రి!"

"నేనొస్త పా కాకా" అన్నాను.

"నీ ఇంగ్లీషు ఇంటే ఉన్న తలకాయ గూడ పోతది. లచ్చన్ననే రావాలె." తర్వాత నన్ను మూలకు లాగి చెవిలో చెప్పాడు. "పోరని రోగం నేను అరువు దెచ్చుకుంటున్న. నువ్వు గూడ రా. నోరు మాత్రం తెరువకు."

ముసలాయన అంతగా మూలుగుతుంటే లక్ష్మణ్ కాదనలేకపోయాడు. చొక్కా వేసుకుని లేచాడు.

ఆస్పత్రిలో డాక్టరు ఈజిప్టాయన, నిదానస్తుడు. ఏం బాధ అని ఇంగ్లీషులో అడిగాడు. కాక కుర్చీలో సర్దుకున్నాడు.

"నిద్ర వడ్తలేదని జెప్పు."

"కాకా, నీ గురకకు మాకు నిద్ర వడ్తలేదు గదనే!"

"గురక బయట, బాధ లోపట. నువ్వు డాక్టరువార? చెప్పిందే జెప్పు." కాక వేళ్లు మడుస్తూ సాగించాడు. "ఒక వారం నిద్ర లేకున్నా ఊరంత నాదే అన్నట్టుంటది. ఇంకో వారం మంచం దిగబుద్ధి గాదు. తిండి సయిస్తలేదు. ఎందుకో నాకే తెల్వది."

లక్ష్మణ్ చెబుతున్నకొద్దీ టకటకా పోయే ఇంగ్లీషు నెమ్మదించింది. ఎన్నాళ్లనుంచి అని డాక్టరు అడిగితే వాడు కాకవైపు తిరగనే లేదు. "అయిదు నెలలు" అని తనే చెప్పాడు. పని మీద మనసు నిలుస్తోందా అంటే, లేదని దానికీ వాడే జవాబు. డాక్టరు కలం కింద పెట్టి, కాకను వదిలేసి వాడి ముఖంలోకి చూస్తూ మెల్లగా ఇంకో ప్రశ్న అడిగాడు. లక్ష్మణ్ చూపు నేలకు దించుకున్నాడు.

"ఏమంటున్నడుర?"

"ఏం లేదు కాకా."

"ఏం లేకపోతే మొకం గట్లెందుకైంది? జెప్పు."

"సచ్చిపోవాల్ననిపించిందా... అని అడుగుతున్నడు."

ఇది మేం అనుకున్న నాటకంలో లేదు. కాక తలమీది తువ్వాలు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. "అనిపించిందని జెప్పు. పదకొండేండ్ల కింద, ఖఫ్జీ క్యాంపుల ఉన్నప్పుడు. రోజూ అనిపిస్తుండె. ఎవ్వనికీ చెప్పలే. గిప్పుడు చెప్తున్న."

లక్ష్మణ్ డాక్టరువైపు తిరిగాడు. అవునంటున్నాడని ఇంగ్లీషులో చెప్పాడు. ఆ తర్వాత ఇంకో రెండు ముక్కలు వచ్చాయి, అవి నాబోటివాడికి కూడా అర్థమయ్యాయి. "నాకు కూడా."

వాడు ఏడ్చాడు. కాక వాడి వీపు మీద చెయ్యి వేశాడు. నేను తలుపు దగ్గర నిలబడి గోడమీది కంటి పటంలో అక్షరాలు చదివినట్టు నటించాను, ఒక్కటి కనిపిస్తే ఒట్టు.

డాక్టరు వాడి పేరున కొత్త కాగితం తీశాడు. ఇది పిచ్చీ కాదు, సోమరితనమూ కాదు, ఒకరోజులో పేరు పెట్టేదీ కాదన్నాడు. ముందు థైరాయిడ్ లాంటివి ఉన్నాయేమో రక్తం చూడాలి, తర్వాత మనసు డాక్టరును కలవాలి. దిగులుగా ఉన్న రోజులే కాదు, హుషారు ఎక్కువైన రోజులు కూడా ఆయనకు చెప్పాలి. కొన్నాళ్లు ఒంటరిగా వదలొద్దు, ఆ ఆలోచన మళ్లీ వస్తే ఏ వేళైనా తిన్నగా ఆస్పత్రికి తీసుకురండి అని మాకు గట్టిగా చెప్పాడు. పనిలోపనిగా కాక రక్తం కూడా తీశారు. అరువు జబ్బుకు వెళ్లినాయనకు సొంత షుగరు బయటపడింది. ఇప్పుడు చాయ్‌లో చక్కెర వెయ్యబోతే లక్ష్మణ్ చెంచా లాక్కుంటాడు. కాక తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను.

మూడు నెలలైంది. ఇద్దరూ కలిసే ఆస్పత్రికి పోతారు. మొత్తం నయమైందని చెప్పను, గోడవైపు తిరిగే రోజులు ఇంకా వస్తున్నాయి. మొన్న శుక్రవారం అలాంటి రోజే. కాక బయట ఉల్లిగడ్డలు కోస్తుంటే పక్కన చేరి అడిగాను.

"కాకా, ఖఫ్జీ ముచ్చట నిజమేనా, పోరని కోసం కల్పించినవా?"

"నిజమేరా. అప్పుడు నా రూముల గూడ ఖరూజ్ నాటకమన్నరు. అచ్చం నీ అసొంటోళ్లే."

ఉల్లిగడ్డలు కోస్తున్నది ఆయన. కళ్లు మండింది నాకు. లేచి లోపలికి వెళ్లి లక్ష్మణ్ మంచం అంచున కూర్చున్నాను.

"లచ్చన్నా, ఆ రోజు నేనన్నది తప్పు. నువ్వేం మాట్లాడకు. నేను ఊకెనే గిక్కడ కూసుంట."

కాసేపటికి గోడవైపు నుంచే చిన్న గొంతు వచ్చింది.

"కూసో అన్నా. ఇంగ్లీషు మాత్రం మాట్లాడకు."