పెయింటర్ తొడలో ఎముక

ఆసుపత్రి రికార్డుల గదిలో జబ్బులకు కోడ్లు వేసే కోడ్లక్కకు ముక్కు మీదే కోపం. ఆ రోజు ఓ పెయింటర్ భార్య ఆసుపత్రి ఇచ్చిన కాగితంతో గాభరాగా వచ్చింది.

"మా ఆయనకి తొడ కండలో ఎముక పెరిగితే పుట్టుకతో వచ్చే జబ్బని వేశారు. మా పిల్లలకీ వస్తుందాండీ?"

కోడ్లక్క ఫైలు తీసి చూసింది. జాబితాలో మొదట కనబడ్డ కోడ్ తొందరలో వేసింది తనే. ఫైల్లో కారణమే లేదు. ఊహించి మార్చకూడదు కాబట్టి డాక్టరుకి ఫోన్ చేసింది.

"నిచ్చెన మీంచి పడ్డాడమ్మా, ఆ దెబ్బకే పెరిగింది. రాయడం మర్చిపోయాను."

"మీరు రాయరు, నేను అడగను. బాగుంది సార్ మన సంబడం! ముందు రాసి పంపండి."

ఆయన పంపగానే దెబ్బ కోడ్ వేసి, కొత్త కాగితం ఆమె చేతిలో పెట్టింది.

"తప్పు నాదేనమ్మా. పిల్లలకేం రాదు. వాళ్లని నిచ్చెనెక్కనివ్వకు, చాలు."