రెండో గొంతు

కరోనా సద్దుమణిగాక, ఫుజైరా నుంచి దుబాయ్ వచ్చే బస్సులో ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. ఇక్కడ నర్సుగా చేస్తున్న కూతురి దగ్గరికి భీమవరం నుంచి వచ్చిందట. పంతొమ్మిది వందల అరవైల్లో మిషన్ స్కూల్ పాటల పోటీలో తనూ, ముగ్గురు స్నేహితురాళ్ళూ కలిసి పాడి గెలిచారట. అది విన్నవాళ్ళు పెళ్ళిళ్ళకీ, క్రిస్మస్‌కీ పిలవడం మొదలుపెట్టారు. నలుగురూ ఒకే రంగు ఓణీలు వేసుకుని, పెళ్ళిళ్ళయ్యేదాకా జిల్లా అంతా తిరిగి పాడారు.

"ఆ పోటీలో పాడిన పాట వినిపించండమ్మా," అన్నాను.

ఆవిడ మొహమాటపడలేదు. కింది స్వరంలో రెండు మాటలు పాడి ఆగింది. మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తూ కాసేపు ఊరుకుని, మళ్ళీ ఒక ముక్క అందుకుంది. మర్చిపోయిందేమో అనుకున్నాను.

"మధ్యలో ఆపేస్తున్నారేమండీ?"

"ఆపట్లేదు బాబూ. నాది రెండో గొంతు. అక్కడ వాళ్ళు పాడాలి."

"వాళ్ళెక్కడున్నారిప్పుడు?"

"ఇద్దరు పోయారు. ఒకామెకి నేనెవరో గుర్తులేదు."

"మరి మొత్తం మీరే పాడొచ్చుగా?"

"వాళ్ళది నేనెలా పాడతాను?" అంది, మామూలుగానే.

మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. ఈసారి ఆవిడ ఆగిన ప్రతిచోటా నేను మాట్లాడకుండా కూర్చున్నాను.